కారవానులో రెండవ బ్యాటరీ

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నమును తాకిన సంగతి ఈ ప్రాంతపు వారెవరును మరచియుండరు. విద్యుత్ స్తంభములు నేలకొరిగినవి. నగరములోని పెక్కు పేటలు కొన్ని రాత్రులు చీకటిలో గడపవలసివచ్చినది. ఆ దినములలో మాకు తెలిసిన ఒక కుటుంబమువారు తమ కారులో కూర్చుండి రేడియోలో వార్తలు వినుచు, ఇరుగుపొరుగు వారి ఫోనులకెల్ల ఆ కారు బ్యాటరీ నుండియే ఛార్జి పెట్టిరి. ఉపకారము మంచిదే. కాని మూడవనాటి ఉదయము ఇంటి పెద్దామెను ఆసుపత్రికి తీసికొనిపోవలసివచ్చి తాళము తిప్పగా, టక్కుమను చప్పుడు తప్ప ఇంజనులో కదలిక లేదు. దీపమునకు, వార్తలకు, ఫోనులకు వాడుకొన్న కరెంటును, ఇంజనును లేపుటకు కావలసిన కరెంటును ఒకే కుండలోనివి. కుండ అడుగంటిన తరువాత గాని ఆ సంగతి వారికి తెలియలేదు.

ఆ కుండకు తోడుగా రెండవ కుండ నుంచవలెనను ఆలోచనయే రెండవ బ్యాటరీ. దీని అవసరము ముఖ్యముగా కారవాను లనబడు బండ్లలో కనబడును. ఈ పేరు తెలుగువారికి చాలవరకు సినిమావారి వలన పరిచితమైనది. చిత్రీకరణ స్థలమున నటీనటులు విశ్రమించు బండి అని మనము దానిని ఎరుగుదుము. ఇప్పుడు సామాన్య కుటుంబములవారును వ్యానులలో మంచము, పొయ్యి, నీటితొట్టి, చిన్న ఫ్రిజ్ అమర్చించుకొని అరకు వైపునకో, భీమిలి వైపునకో బయలుదేరుచున్నారు.

గాజువాక యొద్దనున్న ఆటోనగరులో ఓడరేవు సరకులను, ఉక్కు సరకును మోయు లారీలకు మరమ్మతులు చేయు షెడ్లు వరుసలుగా నున్నవి. ఇటీవల మేము అచటి యొక షెడ్డులో ఒక వ్యానును కారవానుగా మార్చుచుండగా చూచితిమి. వడ్రంగి పని ముచ్చటగా నున్నది. మంచము క్రింద రెండవ బ్యాటరీ నుంచి, ముందున్న బ్యాటరీ నుండి దానికొక ఎఱ్ఱని తీగ లాగియుండిరి. ఆ తీగకు ఫ్యూజు ఎచ్చట నున్నదని మేమడుగగా మేస్త్రీగారు నవ్వి, "పన్నెండు వోల్టులే కదండీ బాబూ, ముట్టుకున్నా ఏం కాదు" అనిరి. ఆ మాటలో సగము నిజము. తక్కిన సగము తెలియకున్నచో, ఒకే ద్వారమున్న బండిలో, గ్యాసు పొయ్యి ప్రక్కన, పిల్లలతో నిదురించు కుటుంబమునకు ప్రాణాపాయము. కావున ఆ రెండవ సగమును గూర్చియే ఇచట వివరింపదలచితిమి.

మొదట బ్యాటరీల పనిని గూర్చి. ఇంజనును లేపు బ్యాటరీ చేయు పని పెద్దది, కాని క్షణకాలికము. సెల్ఫ్ మోటారు తిరుగునపుడు కొన్ని వందల ఆంపియర్లు పారును. అయినను 300 ఆంపియర్లు 3 సెకనులు పారినచో వ్యయమైనది ఒక ఆంపియరు గంటలో నాలుగవ వంతు మాత్రమే. ఇంత వేగముగా ఇచ్చుటకై దానిలో సీసపు పలకలను పలుచగా, ఎక్కువ సంఖ్యలో అమర్చెదరు. ఇంటి దీపములు, పంకాలు చేయించు పని దీనికి విరుద్ధము: కొద్దికొద్దిగా, గంటల తరబడి. అట్టి పనికి మందమైన పలకలు గల బ్యాటరీ కావలెను. మన ఇండ్లలో ఇన్వర్టరునకు పెట్టు ట్యూబులర్ బ్యాటరీ ఆ జాతిదే. పలుచని పలకల బ్యాటరీని మాటిమాటికి అడుగంట వాడినచో అది కొలది కాలముననే చెడిపోవును. పూర్వము కరెంటు లేని గ్రామములలో వాల్వు రేడియోలకు బ్యాటరీలు వాడిన పెద్దలకు ఈ నీతి క్రొత్త కాదు. వాల్వులోని తీగను వేడిచేయుటకు తక్కువ వోల్టుల బ్యాటరీ, పలకకు ఎక్కువ వోల్టుల బ్యాటరీ వేరువేరుగా నుండెడివి. ఏ పనికి ఆ బ్యాటరీ.

ఇచట లారీ పనికి అలవాటుపడినవారు ఒక్క క్షణమాగి ఆలోచింపవలెను. పెద్ద లారీలలోను రెండు బ్యాటరీలుండును. అచట ఒకదాని ప్లస్సును రెండవదాని మైనస్సునకు కలిపెదరు. రెండు 12లు కలిసి 24 వోల్టు లగును. ఆ రెండును ఒకే కాడికి కట్టిన యెడ్లు. కారవానులోని రెండవ బ్యాటరీ అట్టిది కాదు. ఇచట ప్లస్సును ప్లస్సుతోను, మైనస్సును మైనస్సుతోను కలుపవలెను. వోల్టులు 12గానే నిలుచును. అదియును ఎల్లప్పుడును కలిపియుంచరాదు. ఎల్లప్పుడును కలిసియున్నచో రెండు కుండలకు అడుగున గొట్టము వేసినట్లే. రాత్రి పంకా తిరుగుచుండగా రెండును కలిసియే అడుగంటును. అప్పుడు రెండవ బ్యాటరీ కొన్న ప్రయోజనమే లేదు. ఇంజను నడచుచుండగా రెండును కలియవలెను, ఇంజను ఆగగానే విడిపోవలెను. ఈ వైరింగు యొక్క సారమంతయు ఈ ఒక్క వాక్యములో నున్నది.

ఈ కలుపుట, విడదీయుట నాలుగు విధములుగా జరుగును. చేతితో త్రిప్పు స్విచ్చి మొదటిది. అది చౌక, కాని మనుష్యుని జ్ఞాపకముపై ఆధారపడినది. ఏదో యొక రాత్రి మరచిపోవుట నిశ్చయము. తాళము త్రిప్పగానే పనిచేయు రిలే రెండవది. ఇందులో నొక చిక్కున్నది. తాళము తిప్పిన క్షణముననే రెండు బ్యాటరీలు కలిసినచో, సెల్ఫ్ మోటారు తన వందల ఆంపియర్లలో కొంత భాగమును మంచము క్రిందనున్న బ్యాటరీ నుండి, ఆ తీగ ద్వారా లాగును. కావున ఇంజను నడచి ఆల్టర్నేటరు కరెంటు పుట్టించిన పిమ్మటనే రిలే పనిచేయునట్లు అమర్చవలెను. వోల్టులను తానే గమనించు రిలే మూడవది. విశ్రాంతిగా నున్న సీసపు బ్యాటరీ నిండుగా నున్నపుడు సుమారు 12.6 వోల్టులు చూపును. ఆల్టర్నేటరు నడచుచున్నపుడు అది 13.8 నుండి 14.4 వరకు పెరుగును. ఈ తేడాను బట్టి ఆ రిలే సుమారు 13.3 దాటగానే కలుపును, 12.8కి దిగగానే విడదీయును. ఎవరి జ్ఞాపకముతోను పనిలేదు.

నాలుగవది డి.సి. నుండి డి.సి.కి మార్చు ఛార్జరు. మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. ఇటీవలి బండ్లలో కొన్నిటియందు ఆల్టర్నేటరు ఇంధనపు పొదుపునకై తన వోల్టులను తానే తగ్గించుచు, పెంచుచు నుండును. అట్టి బండిలో, వోల్టులను నమ్ముకొన్న రిలే, ఇంజను నడచుచుండగనే విడిపోవచ్చును. ఈ ఛార్జరు మాత్రము ముందు నుండి వచ్చిన వోల్టులు ఎన్నియైనను, రెండవ బ్యాటరీకి కావలసినన్ని చేసి యిచ్చును. అంతేకాక 20 లేక 30 ఆంపియర్లకు మించి లాగకుండ పట్టి యుంచును. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ పెట్టువారికి ఇది తప్పనిసరి యని మా అభిప్రాయము. ఆ బ్యాటరీ ఆకలిగొన్నవానివలె ఎంత ఇచ్చిన అంత త్రాగును. అడ్డు లేనిచో ఆల్టర్నేటరు కాగిపోవును. దానికే మరియొక నియమము: సున్న డిగ్రీలకు దిగువ నున్నపుడు దానిని ఛార్జి చేయరాదు. విశాఖ తీరమున ఈ చింత లేదు గాని, లంబసింగిలో చలికాలపు తెల్లవారుజామున ఆ నియమమును గుర్తుంచుకొనుట మేలు.

ఇక తీగ. తీగను గూర్చి మనవారు సాధారణముగా అడుగు ప్రశ్న "ఎన్ని వోల్టులకు?" అని. అడుగవలసిన ప్రశ్న "ఎన్ని ఆంపియర్లకు, ఎంత దూరమునకు?" అని. ముందు బ్యాటరీ నుండి వెనుక బ్యాటరీకి 6 మీటర్లనుకొందము. పోవుటకు 6, తిరిగివచ్చుటకు 6, మొత్తము 12 మీటర్ల రాగి తీగ. దాని గుండ 30 ఆంపియర్లు పంపవలెనన్నచో, 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో సుమారు రెండున్నర వోల్టులు దారిలోనే నష్టమగును. 6 చదరపు మిల్లీమీటర్ల తీగలో నష్టము ఒక వోల్టు. 16 చదరపు మిల్లీమీటర్ల తీగలో 0.4 వోల్టు మాత్రమే. ఆల్టర్నేటరు 14.2 వోల్టులిచ్చుచున్నపుడు రెండున్నర పోగా మిగులునది 11.7, అది బ్యాటరీ యొక్క స్వంత వోల్టులకన్న తక్కువ. అనగా ఆ సన్న తీగ గుండ 30 ఆంపియర్లు పోనేపోవు. బ్యాటరీ నిండిన కొలది పోవునది మరింత సన్నగిల్లును. దినమంతయు బండి నడపినను బ్యాటరీ నిండలేదని విసుగుకొని, మంచి బ్యాటరీనే మార్పించువారు కలరు. దోషము బ్యాటరీలో లేదు, తీగలో నున్నది.

ఇప్పుడు మేస్త్రీగారి మాటకు వత్తము. 12 వోల్టులు పొడి చేతికి షాకు కొట్టవన్నది నిజము. కాని మనుష్యుని కొట్టుట వేరు, తీగను కాల్చుట వేరు. 1200 వాట్ల పనికి ఇంటిలోని 230 వోల్టుల లైనులో 5 ఆంపియర్ల కరెంటు చాలును. అదే పనికి 12 వోల్టుల తీగలో 100 ఆంపియర్లు పారవలెను. ఇది 19 రెట్లు. తీగలో పుట్టు వేడి కరెంటు యొక్క వర్గమును అనుసరించి పెరుగును. కావున ఒకే తీగలో వేడి 360 రెట్లకు మించును. వోల్టులు తక్కువైన కొలది ఆంపియర్లు ఎక్కువ, ఆంపియర్లు ఎక్కువైన కొలది నిప్పునకు దగ్గర.

ఆ ఎఱ్ఱని తీగ బండి ఇనుప చట్రపు అంచున రాసుకొని, ఘాటు రోడ్డు కుదుపులకు పైతొడుగు చిరిగినదనుకొనుడు. చట్రము మైనస్సుతో కలిసియుండును. లావు తీగయైనచో ఆ చోట ఒక మంచి బ్యాటరీ 1000 ఆంపియర్లవరకు పారింపగలదు. 12 వోల్టులు, 1000 ఆంపియర్లు అనగా 12,000 వాట్లు. ఆరు పెద్ద గీజర్ల వేడి ఒక్క చోట పుట్టినట్లు. సన్న తీగయైనచో కొన్ని సెకనులలో తొడుగు అంటుకొని, రాగి ఎఱ్ఱగా కాలును. దానిని ఆపునది ఫ్యూజు ఒక్కటే.

ఫ్యూజు పంకాను గాని ఫ్రిజ్‌ను గాని కాపాడుటకని పలువురు భావింతురు. ఈ ఫ్యూజు కాపాడునది తీగను. కావున అది తీగ మొదలున, బ్యాటరీకి జానెడు దూరములో నుండవలెను. ఫ్యూజునకు అవతలనున్న తీగకే రక్షణ, ఇవతలనున్నదానికి లేదు. బండి వెనుక, పనిముట్టు దగ్గర ఫ్యూజు పెట్టి, ముందు 6 మీటర్ల తీగను వట్టిగా విడిచినచో, ఇంటి తలుపునకు తాళము వేయక బీరువాకు వేసినట్లు.

మరియొక సంగతి అనుభవజ్ఞులును మరచునది. సాధారణమైన తీగకు కరెంటు వచ్చు కొన ఒక్కటే. రెండు బ్యాటరీల నడుమనున్న తీగకు మాత్రము రెండు కొనలును మొదళ్ళే. ముందు కొనన ఫ్యూజు కాలిపోయినను, తెగిన తీగకు వెనుక బ్యాటరీ నుండి కరెంటు వచ్చుచునే యుండును. కావున రెండు కొనలయందును, ఒక్కొక్క బ్యాటరీకి జానెడు దూరములో, రెండు ఫ్యూజులుండవలెను. 16 చదరపు మిల్లీమీటర్ల తీగకు, 30 ఆంపియర్ల ఛార్జరునకు 60 ఆంపియర్ల ఫ్యూజు తగియుండును. ఫ్యూజు కాలినపుడు అంతకన్న పెద్దది వేయుట గాని, వెండి కాగితము చుట్టుట గాని పనికిరాదు. ఇంటి గోడకు పెట్టు ఎం.సి.బి.ని ఇచట వాడరాదు. ఇంటి కరెంటు సెకనునకు 100 సార్లు సున్నకు వచ్చును. ఆ సందులో నిప్పు తెగును. బ్యాటరీ కరెంటునకు అట్టి సందు లేదు. డి.సి.కి పనికివచ్చునని వ్రాసియున్న దానినే కొనవలెను.

తీగ చట్రమును దాటు ప్రతి రంధ్రమునకు రబ్బరు తొడుగు, తీగ పొడవునను ముడుతల గొట్టము అవసరము. కొనలకు రాగి లగ్గులను తగిన పనిముట్టుతో గట్టిగా నొక్కించవలెను. సుత్తితో కొట్టిన లగ్గు నాలుగు నెలలలో వదులై వేడెక్కును. ఎర్తును రంగుపై బిగింపరాదు. రంగు గీకి, ఇనుము మెరయునట్లు చేసి బిగింపవలెను. విశాఖలో సముద్రపు ఉప్పుగాలి మన శత్రువు. తగరపు పూత గల రాగి తీగ దొరకినచో అది శ్రేష్ఠము; లగ్గులపై పెట్రోలియం జెల్లీ పూయుట చౌకయైన రక్ష. నీరు పోయునట్టి సీసపు బ్యాటరీ ఛార్జి అగునపుడు హైడ్రోజను వాయువు వెలువడును. గాలిలో అది 4 శాతమైనచో మండగలదు. కావున అట్టి బ్యాటరీని మూత గల పెట్టెలో నుంచి, గొట్టము ద్వారా గాలిని బండి వెలుపలికి పంపవలెను. మంచము క్రింద మూయని బ్యాటరీ, ప్రక్కనే గ్యాసు పొయ్యి — ఈ రెండును ఒకచోట నుండరాదు.

ఎంత బ్యాటరీ కావలెనను ప్రశ్నకు ఇల్లాండ్రు సరకుల పద్దు వ్రాసినట్లే లెక్క వ్రాసుకొనవచ్చును. 15 వాట్ల దీపములు 5 గంటలు: 75. రెండు పంకాలు, 48 వాట్లు, 8 గంటలు: 384. నాలుగు ఫోనులకు 60. చిన్న ఫ్రిజ్ 45 వాట్లది, దినములో సగము కాలము నడచినచో: 540. నీటి పంపునకు 15. మొత్తము 1,074 వాట్ గంటలు. 12తో భాగింపగా సుమారు 90 ఆంపియరు గంటలు. సీసపు బ్యాటరీలో సగమునకు మించి వాడరాదు గనుక 180 ఆంపియరు గంటల బ్యాటరీ కావలెను. లిథియము బ్యాటరీలో నూటికి 80 పాళ్ళు వాడుకొనవచ్చును గనుక దాదాపు 115 చాలును. ఇండక్షను పొయ్యి, ఎ.సి. ఈ పద్దులో చేర్చినచో పద్దు తలక్రిందులగును; 1500 వాట్ల పొయ్యికి బ్యాటరీ నుండి 125 ఆంపియర్లకు పైగా లాగవలెను.

వ్యయమైన దానిని నింపుట యెట్లు? విశాఖ నుండి అరకునకు సుమారు 115 కిలోమీటర్లు. ఘాటు మార్గమున మూడు గంటలకు తక్కువ కాదు. 30 ఆంపియర్ల ఛార్జరు మూడు గంటలు పనిచేసినచో 90 ఆంపియరు గంటలు. అనగా పైన వ్రాసిన పద్దు ప్రకారము, కొండ ఎక్కిన ప్రయాణము ఒక దినపు వాడుకకు దాదాపు సరిపోవును. సీసపు బ్యాటరీ నిండవచ్చినపుడు నెమ్మదిగా త్రాగును గనుక కొంత తగ్గించి లెక్కించుట మంచిది. రెండవ రాత్రి కూడ అచటనే గడపవలెనన్నచో పైకప్పుపై సౌర ఫలకము గాని, విడిది యందు ఇంటి కరెంటు గాని కావలెను.

బండిని షెడ్డు నుండి తెచ్చుకొనునాడు ఒక మీటరు చేతబట్టుకొని పోవుడు. ఇంజను ఆపి, లోపల దీపములు, పంకాలు గంటసేపు నడపుడు. వెనుక బ్యాటరీ వోల్టులు తగ్గవలెను, ముందుదానివి కదలరాదు. తరువాత ఇంజను నడపుడు. కొలది నిమిషములలో వెనుక బ్యాటరీ వోల్టులు పెరుగుట మొదలుకావలెను. అరగంట నడచిన పిమ్మట తీగను, లగ్గులను చేతితో తాకి చూడుడు. చేయి నిలువనంత వేడి యున్నచో ఆ తీగ సన్నది, లేదా ఆ అతుకు వదులు. చివరకు ఇంజను ఆపి, రెండు ఫ్యూజులను తీయించుడు. అప్పుడు ఆ ఎఱ్ఱని తీగపై ఎచ్చటను వోల్టులు కనబడరాదు. కనబడినచో రక్షణ లేని తీగ మరియొకటి ఎచ్చటనో దాగియున్నది. అది బయటపడువరకు బండిని ఇంటికి తేవలదు. బండి స్వరూపము మార్చినపుడు 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి రవాణా అధికారుల యొద్ద అనుమతి పొంది నమోదు చేయించుటయు మరువరాదు.

మేము ఆనాడు ఈ లెక్కలనే ఒక కాగితముపై వ్రాసి మేస్త్రీగారికి చూపితిమి. ఆయన నవ్వు మాని, చాలసేపు ఆ కాగితమును చూచెను. "ఇన్నేళ్ళుగా లారీలకు చేస్తన్నాం బాబూ, రెండో చివర సంగతి తోచనేలేదు" అనెను. వారము దినములకు మేము మరల అటు పోవునప్పటికి, ముందు బ్యాటరీకి జానెడు దూరములో నొకటి, వెనుక బ్యాటరీకి జానెడు దూరములో నొకటి, రెండు ఫ్యూజులు అమర్చబడియున్నవి. మంచము క్రింది బ్యాటరీ మూత గల పెట్టెలోనికి చేరినది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట లోకమున అందరు ఎరిగినదే. ఈ బండిలో ఆకులు ముందుగనే చేతికి వచ్చినవి.